ముందు గీత దాటిన పడవకే ఫస్టు ప్రైజా?

ప్రశ్న: మాది ఎదుర్లంక దగ్గర. సంక్రాంతికి గౌతమిలో తెరచాప పడవలకు మూడు రేసులు పెట్టారు. చిన్నా పెద్దా పడవలని హ్యాండిక్యాప్ కట్టారు, అంటే పట్టిన సమయాన్ని పడవకొక గుణకంతో హెచ్చవేసి లెక్కగట్టారు. ఆఖరి రేసులో నాకూ ఇంకొకాయనకూ లెక్కగట్టిన సమయం సమానంగా వచ్చింది. ఆయన ముందు గీత దాటాడని కమిటీ ఫస్టు ఆయనకిచ్చింది. దాంతో మొత్తం మీద నాకు రావాల్సిన 40 వేలు పోయి 20 వేలే వచ్చాయి. కోర్టుకెళ్లొచ్చా?

జవాబు: మీరు పంపిన ఫలితాల కాగితం చూశాను. ఆఖరి రేసులో మీకు 40 నిమిషాలు, గుణకం 0.900. ఆయనకు 36 నిమిషాలు, గుణకం 1.000. హెచ్చవేస్తే ఇద్దరికీ 36 నిమిషాలే. పెద్ద చాప ముందు వస్తుందనే కదా గుణకం పెట్టింది! ముందొచ్చాడని మళ్లీ ఆయనకే మొగ్గితే హ్యాండిక్యాప్ కట్టడం దేనికి?

మీ అసలు బలం కరపత్రంలో ఉంది. 'అంతర్జాతీయ సెయిలింగ్ నిబంధనల ప్రకారం' అని వాళ్లే అచ్చేయించారు. అవి చట్టం కాదు, వరల్డ్ సెయిలింగ్ సంస్థ పెట్టుకున్న నియమాలు. కానీ అలా ప్రకటించి మీ దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకున్నాక అవి మీకూ కమిటీకీ మధ్య ఒప్పందంలో షరతులే. వాటిలో అనుబంధం 'ఎ' 7వ నిబంధన ఏమంటుందంటే, లెక్కగట్టిన సమయాలు సమానమైతే ఆ స్థానం పాయింట్లూ కింది స్థానం పాయింట్లూ కలిపి చెరిసగం పంచాలి. ఫస్టుకు ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, మొత్తం తక్కువ వచ్చినవాళ్లదే గెలుపు. ఒకటీ రెండూ కలిపి మూడు, తలా ఒకటిన్నర.

ఇప్పుడు మీ పాయింట్లు 3, 1, 1.5. ఆయనవి 2, 2, 1.5. కరపత్రంలో వేరేగా చెప్పకపోతే అనుబంధం 'ఎ' ప్రకారం ఒక్కొక్కరి చెత్త ఫలితం ఒకటి వదిలేస్తారు. అప్పుడు మీకు 2.5, ఆయనకు 3.5, ప్రైజు మీదే. ఏదీ వదలకుండా మూడూ కూడాలని ఉంటే ఇద్దరికీ 5.5, మళ్లీ టై! దీనికి 8వ నిబంధన ఉంది. ఎవరి అంకెలు వాళ్లవి మంచిదాని నుంచి వరసగా పేర్చి, తేడా వచ్చిన మొదటి చోట తేల్చాలి. మీ మొదటి అంకె 1, ఆయనది 1.5. అలాగైనా ప్రైజు మీదే. అలా కూడా తేలకపోతేనే ఆఖరి రేసు ఫలితం చూస్తారు.

ముందు సెకన్ల లెక్క కూడా సరిచూసుకోండి. ఒక్క సెకను తేడా ఉన్నా అది టై కాదు, మీ వాదన మొదటికే పోతుంది.

'కమిటీ నిర్ణయమే తుది' అన్న లైను చూసి టెన్షన్ పడకండి. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే షరతు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయితే గీత దగ్గర ఎవరు ముందున్నారన్న అంపైరు చూపును కోర్టులు సాధారణంగా తిరగదోడవు. మీది కూడికల తప్పు, అందుకే ఆశ ఉంది.

ఒప్పంద ఉల్లంఘనకు మూడేళ్ల గడువుంది. కమిటీ పెద్దలు యానాం వాళ్లన్నారు. అక్కడి కోర్టు మద్రాసు హైకోర్టు కిందికొస్తుంది. రేసు ఎదుర్లంక ఒడ్డున ముగిసింది కాబట్టి దావా ఇటువైపు కూడా వేయొచ్చు. 20 వేల తేడాకు నేనైతే దావా వేయను. ముందు ఈ కూడిక అంతా రాసి, లెక్క సరిదిద్దమని కమిటీకి రిజిస్టర్డ్ పోస్టు పంపండి. కదలకపోతే లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టండి, ఫీజుండదు.

ఉత్తరం చివర్లో ఆయనతో విడిగా కాసిన ఐదు వేల పందెం సంగతి రాశారు. అది కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద చెల్లదు, నోటీసులో ఆ ఊసే ఎత్తకండి.