ఏడాదిన్నరగా దూరం... లోపం ఎవరిలో?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, ఆయనకు 30. పెళ్లయి ఏడాదిన్నర దాటినా మా మధ్య కలయిక జరగలేదు. ఆయన దగ్గరకు రాగానే నాకు తెలియకుండానే కాళ్లు బిగుసుకుపోతాయి. భరించలేనంత నొప్పి. మొదట్లో ఆయన ఓపిక పట్టేవారు. ఇప్పుడు ఆయనకూ స్తంభన నిలవడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లేమో పిల్లల గురించి అడుగుతున్నారు. లోపం నాలో ఉందా, ఆయనలోనా?

జవాబు: లోపం ఎవరిలో అని వెతకడం మానేయండమ్మా. దాంతోపాటు, కొంతకాలం కలయిక కోసం ప్రయత్నించడం కూడా ఆపేయండి. ఎందుకో చెబుతాను.

మీరు రాసినదాన్ని బట్టి ఇది వెజైనిస్మస్ కావచ్చు. యోని చుట్టూ ఉండే కండరాలు మీ ప్రమేయం లేకుండానే బిగుసుకుపోతాయి. కంటి దగ్గరకు వేలు వస్తే రెప్ప దానంతటదే మూసుకున్నట్టే ఇదీ. ‘రిలాక్స్ అవ్వు’ అంటే ఆ కండరాలు వినవు. ఇది మీ మొండితనం కాదు, భర్త మీద ఇష్టం లేకపోవడమూ కాదు. ఒకసారి నొప్పి పుట్టాక తర్వాతిసారి శరీరం ముందే భయపడి బిగుసుకుంటుంది, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే బలవంతంగా చేసే ప్రతి ప్రయత్నం సమస్యను పెంచుతుంది.

మీవారికి వచ్చిన ఇబ్బంది కూడా దీన్నుంచే పుట్టి ఉండొచ్చు. మిమ్మల్ని మళ్లీ బాధపెడతానేమో, ఈసారీ కుదరదేమో అనే టెన్షన్‌లో స్తంభన నిలవదు. ఉదయం లేచేటప్పుడు మామూలుగానే ఉంటోందంటే శారీరక కారణాలకు అవకాశం తక్కువ. అయినా షుగర్, బీపీ ఒకసారి చూపించుకోవాలి. డాక్టరుకు చెప్పకుండా మాత్రలు కొని వేసుకోవద్దు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లకు, స్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర ప్రాణం మీదకు తెస్తుంది.

మీరు ముందు గైనకాలజిస్టును కలవండి. ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం) లాంటివి ఉన్నాయేమో చూస్తారు. పరీక్షకు ముందే మీ భయం చెప్పండి. ‘ఆపండి’ అంటే ఆపాలని అడగండి, అది మీ హక్కు. ఆ రోజు పరీక్ష కుదరకపోయినా ఫర్వాలేదు, ఇంకోసారి వెళ్లొచ్చు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి సెక్స్ థెరపిస్టు దగ్గరకు వెళ్లండి. మొదట్లో అక్కడ జరిగేది మాటలే. ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతారు. శరీర నిర్మాణాన్ని బొమ్మలతో వివరిస్తారు. బాగా చదువుకున్నవాళ్లకూ ఈ విషయాలు తెలియకపోవడం నేను చూస్తూనే ఉంటాను. తొలి కలయికలో రక్తం రావాల్సిందే, నొప్పి తప్పదు అన్న నమ్మకాలు ఎంతోమందిని భయపెడుతున్నాయి. నిజానికి చాలామందికి రక్తం రాదు.

చికిత్సలో ముఖ్యమైనది సెన్సేట్ ఫోకస్. అమెరికా పరిశోధకులు విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ రూపొందించి 1970లో ప్రపంచానికి చెప్పిన పద్ధతి ఇది. కొన్నాళ్లు కలయిక పూర్తిగా నిషేధం. ఒకరు చేతులో వీపో నెమ్మదిగా తాకుతారు, రెండోవాళ్లు తమకు ఎలా ఉందో గమనిస్తారు. తర్వాత వంతు మారుతుంది. మొదట్లో వక్షోజాలనూ జననాంగాలనూ తాకకూడదు. ‘ఇవాళ ఏమీ జరగాల్సిన పని లేదు’ అని ఇద్దరికీ ముందే తెలిసినప్పుడు భయం తగ్గడం మొదలవుతుంది. మీరు విడిగా కటి కండరాలను బిగించి వదలడం నేర్చుకుంటారు. ఆపై డైలేటర్లు (యోనిలో పెట్టుకునే, వేర్వేరు సైజుల్లో ఉండే నున్నటి గొట్టాల్లాంటి సాధనాలు) ఇస్తారు. చిన్న సైజుతో మొదలుపెట్టి, లూబ్రికెంట్ రాసుకుని, మీ చేత్తో మీరే వాడతారు. నొప్పి పుడితే అక్కడే ఆగాలి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఓపికగా చేసినవాళ్లలో చాలామందికి మంచి ఫలితం వస్తుంది.

ఒక జాగ్రత్త. థెరపిస్టు ఎవరూ మిమ్మల్ని బట్టలు తీయమనరు, తాకరు. అలా చేస్తే వెంటనే లేచి వచ్చేయండి.

పిల్లల గురించి అడిగే పెద్దవాళ్లకు మీరొక్కరే జవాబు చెప్పాల్సిన పని లేదు. ‘డాక్టరును కలుస్తున్నాం, మేమే చెబుతాం, అప్పటిదాకా అడగొద్దు’ అని మీ అత్తగారికి మీవారే చెప్పాలి. వివరాలు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ జవాబు ఆయనతోనూ చదివించండి, అపాయింట్‌మెంట్ ఇద్దరి పేరుమీదా తీసుకోండి.