పాత వినైల్ పలకల మీద కొత్త ఫ్లోరింగ్ వేయించే ముందు

హనుమకొండ

చిరంజీవి మేనల్లునికి మీ మామ ఆశీస్సులు.

కాజీపేటలో నీవు కొన్న పాత ఇంటి ఫోటోలు చూశాను. తాండూరు బండలున్న గదుల్లో ఏమి వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు, అది మన సుతారులకు అలవాటైన పని. వినైల్ పలకలున్న ముందు గది సంగతి మాత్రం వేరు. 9 అంగుళాల ఆ పాత పలకలను, ఒక మూల లేచిన పలక కింద కనిపిస్తున్న నల్లటి గమ్మును చూస్తే రెండింటిలోనూ రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండవచ్చని నా అనుమానం. మన దేశంలో రాతినార కలిపిన వినైల్ పలకలకు ఐఎస్ 3461 అని ప్రత్యేక ప్రమాణమే ఉండేది. కంటితో చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు, ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తెలుస్తుంది. అప్పటి వరకు ఉన్నట్టే అనుకొని నడుచుకో.

అంతమాత్రాన కంగారు పడనక్కరలేదు. పలక చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం నార అందులోనే బిగిసి ఉంటుంది. పగలగొట్టినా, అరగదీసినా, ఎండుగా గీకినా కంటికి ఆనని దుమ్మై గాలిలోకి లేస్తుంది. ఆ దుమ్ము వల్ల వచ్చే క్యాన్సర్లు 20, 30 ఏళ్లు గడిచాక గాని బయటపడవు. పని జరిగిన రోజు ఎవరికీ ఏమీ కాదు కాబట్టే మేస్త్రీలు నీ మాటను తేలికగా తీసిపారేస్తారు.

వారితో అసలు పేచీ వచ్చేది ఉలి దగ్గర. సిమెంటు పట్టు కోసం పాత నేలకు ఉలితో గాట్లు పెట్టనిదే మన సుతారి మాలు కలపడు. గచ్చు నేలకు అది మంచి పద్ధతే, ఈ పలకలకు అదే ప్రమాదం. గాట్లు పెట్టకుండా వేస్తే మాలు వినైల్‌ను పట్టుకోదు, కొన్నాళ్లకు టైల్స్ డొల్లగా మోగుతాయి. కనుక ఈ గదికి విట్రిఫైడ్ టైల్స్ మాట మరచిపోయి, ఒకదానిలో ఒకటి బిగించుకుంటూ నేలకు అంటించకుండా పరిచే, రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన ఎస్‌పీసీ పలకలు వేయించు. వాటి మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లే కాబట్టి గడపలతో పెద్ద ఇబ్బంది ఉండదు. తలుపు అడ్డుపడితే రెక్కను విప్పి కింది అంచును చిత్రిక పట్టించు.

ముందుగా తేమ చూడు. మూడడుగుల ప్లాస్టిక్ షీటును నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజు తరువాత ఎత్తి చూస్తే, అడుగున నీటి చెమ్మ కనిపించిన పక్షంలో దాని కారణం తేలే దాకా పైన ఏమీ పరచవద్దు. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తేనే నిజం తెలుస్తుంది.

లేచిన పలకను సబ్బునీటితో తడిపి, కింది గమ్మును గీకకుండా, కొత్త గమ్ముతో అక్కడే అంటించు. పల్లాలను లెవలింగ్ పిండితో తాపీతోనే నునుపు చేయించు, ఆరాక అరగదీయించవద్దు. స్కర్టింగ్‌కు మేకులు వద్దు, గమ్ము చాలు. చీపురు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఆ గదిలోకి రాకూడదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను రెండు కవర్లలో మూటకట్టాలి. సగానికి పైగా పలకలు ఊడి విరిగి ఉంటే మాత్రం కప్పడం పనికిరాదు, ఆ పని తెలిసినవారితో తడిపి తీయించవలసిందే.

వంటింటి నేల మీది పాత వినైల్ షీటును అంచు పట్టి లాగవద్దు. పాత షీట్ల వెనుక కాగితం పొరలో రాతినార మరింత ఎక్కువగా ఉండే అవకాశముంది, పైగా ఆ పొర చేత్తో పట్టుకుంటేనే పొడి అవుతుంది. పెరటి షెడ్డు మీది సిమెంటు రేకులదీ ఇదే జాతి. విరిగిన రేకు ముక్కలతో గుంతలు పూడ్చే అలవాటు మన వైపు చాలామందికి ఉంది, నీవు ఆ పని చేయకు.

కూలి మాట్లాడేటప్పుడే గ్రైండరు, ఉలి తేవద్దని మేస్త్రీకి చెప్పి ఒప్పించు. పాత పలకల ఫోటోలు, కింద ఏమున్నదో రాసిన కాగితం ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచు. రేపు పైపు కోసం ప్లంబరు అక్కడే తవ్వుతానంటే ముందు ఆ కాగితం అతని చేతికివ్వాలి.

ఇట్లు,
మీ మామ