అతను దూరమయ్యాక మొదలైన ఈ బాధ ప్రేమేనా?

మీ ఉత్తరంలోని విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీకు 27 ఏళ్లు. నల్లగొండ జిల్లా నుంచి గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నారు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పరిచయమైన ఒక అబ్బాయితో కలిసి మూడేళ్లు చదువుకున్నారు. అతనికి జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చి ఆదిలాబాద్ వెళ్లిపోయినప్పటి నుంచి మీకు పుస్తకం మీద మనసు నిలవడం లేదు. ఈలోగా ఇంట్లో ఒక సంబంధం చూశారు, వచ్చే నెలలో పెళ్లిచూపులు అంటున్నారు. "ఇది ప్రేమో, అలవాటో, పెళ్లిచూపులంటే భయమో నాకే తెలియడం లేదు. అతనిది మా కులం కాదు కాబట్టి, తెలిసినా లాభం లేదేమో" అని రాశారు.

తెలిసినా లాభం లేదన్న ఆ మాట నుంచే మొదలుపెడతాను. మన ఇళ్లలో పెరిగిన అమ్మాయిలు చాలామంది, ఒక మనిషి తమకు నచ్చాడా లేదా అని చూసుకోకముందే, నచ్చితే కుదురుతుందా అని లెక్క వేసుకుంటారు. కుదరదని తేలితే, అసలు నచ్చనే లేదని తమకు తామే నచ్చజెప్పుకుంటారు. కులం వేరైనప్పుడు ఇంట్లో ఎంత ఘర్షణ పడవలసి వస్తుందో నాకు తెలియనిది కాదు. అయితే అది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు "అవును" అయినప్పుడే దాని అవసరం వస్తుంది. రెండింటినీ కలిపి ఆలోచిస్తున్నంత కాలం మీకు వినిపించేది మీ మనసులోని మాట కాదు, ఇంట్లోవాళ్లు అనబోయే మాట.

ఇక పెళ్లిచూపుల భయం సంగతి. రేపు ఉదయం మీ నాన్నగారు ఫోన్ చేసి, ఆ సంబంధం తప్పిపోయిందని, ఇంకో రెండేళ్లు పెళ్లి మాట ఎత్తబోమని చెప్పారనుకోండి. గుండె మీది బరువు దిగిపోయి, సాయంత్రానికి పుస్తకం తెరవగలిగితే, ఇప్పటి మీ బాధలో ఎక్కువ భాగం తెలియని మనిషితో జీవితం ముడిపడుతుందన్న బెదురే. అలాంటి సమయంలో తెలిసిన మనిషి ఎవరైనా ఆసరాగానే కనిపిస్తాడు. అలా కాక, ఆ కబురు వినగానే మొదట అతనికే చెప్పాలనిపించి, చెప్పాక కూడా అతను లేని వెలితి అలాగే ఉంటే, ఆ బాధకు పెళ్లిచూపులతో సంబంధం లేదు. ఈ ఊహను ఒక్కసారికి వదిలేయకుండా, మనసు కుదుటగా ఉన్న రోజు ఒకసారి, చికాకుగా ఉన్న రోజు ఒకసారి చేసి చూడండి.

అలవాటును ప్రేమ నుంచి వేరు చేయడం దీనికన్నా కష్టం. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలోని వాంకూవర్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. లోతైన లోయ మీద ఊగుతూ ఉండే కపిలానో వంతెన మీద కొందరు యువకులను, అదే నది మీద తక్కువ ఎత్తులో కదలకుండా ఉండే చెక్క వంతెన మీద మరికొందరిని ఒక యువతి పలకరించి, ప్రశ్నపత్రం నింపించి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబరు ఇచ్చింది. ఊగే వంతెన మీద నంబరు తీసుకున్నవారిలో సగం మంది ఫోన్ చేశారు. రెండో వంతెన మీద తీసుకున్నవారిలో ఇద్దరే చేశారు. భయంతో కొట్టుకున్న గుండె ఆ అమ్మాయి కోసమే కొట్టుకుందని వాళ్లు పొరబడి ఉంటారన్నది పరిశోధకుల వివరణ. దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయనుకోండి. అయినా, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం, పరీక్ష వాయిదా పడటం, కోర్టు కేసులు, ఫలితాల రోజు కడుపులో కలిగే ఆ గుబులు, వీటన్నిటినీ మూడేళ్లు ఒకే బల్ల దగ్గర పంచుకున్న ఇద్దరు తమ మధ్య పుట్టిన దగ్గరితనంలో ఆ గుబులు వాటా ఎంతో విచారించుకోవడం మంచిది.

అందుకని ఆ మూడేళ్లనూ కొట్టిపారేయమని నా అభిప్రాయం కాదు. ప్రిలిమ్స్‌లో మీ నంబరు లేదని తెలిసిన రోజు, తన టెస్టు వదిలేసి మీతోపాటు బస్టాండు దాకా వచ్చి, ఒక్క ఓదార్పు మాట కూడా అనకుండా కూర్చున్నాడని రాశారు. పెళ్లిచూపుల్లో అరగంట మాట్లాడి ఒక మనిషి గురించి ఇంత తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు. అది మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యం. అయితే అది అతను మంచివాడనడానికి సాక్ష్యం. కృతజ్ఞతకూ ప్రేమకూ తేడా ఉందని మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

"సినిమాల్లో చూపించినట్టు అతన్ని చూస్తే నాకెప్పుడూ గుండె దడ రాలేదు, మరి ఇది ప్రేమ ఎలా అవుతుంది?" అని కూడా అడిగారు. దడ రాకపోవడం దేనికీ రుజువు కాదు. కొందరికి ఇష్టం తొలిచూపులోనే కలుగుతుంది, కొందరికి ఏళ్ల పరిచయం తర్వాత నెమ్మదిగా కలుగుతుంది, మరికొందరికి ఎవరి మీదా ఆ రకమైన ఆకర్షణ కలగకపోవచ్చు, అందులో లోపమేమీ లేదు. నిజానికి నన్ను కొంచెం ఆలోచింపజేసింది మీ ఉత్తరంలోని మరో సంగతి. అతను వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు ఉన్నాడో రాత్రి పడుకునే ముందు చూస్తున్నారు, మెసేజ్ చదివి జవాబు ఇవ్వకపోతే నిద్ర పట్టడం లేదు. డొరొతీ టెన్నోవ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో ప్రచురించిన పరిశీలనలో, ఇలా ఒక మనిషి చుట్టూ తలపులు తిరుగుతూ ఉండే స్థితిని వర్ణిస్తూ, అవతలివారి మనసు తేలకపోవడమే దానికి మేత అని గమనించారు. ఎదురుచూపు తీవ్రంగా ఉన్నంత మాత్రాన ప్రేమ గాఢంగా ఉన్నట్టు కాదు. అలాగే, అతనికి గది వెతకడంలో ఆఫీసులో ఒకమ్మాయి సాయం చేసిందని విని మీరు చిన్నబోవడాన్నీ ఋజువుగా తీసుకోకండి. ప్రాణస్నేహితులకూ ఆ ఉడుకుమోతుతనం ఉంటుంది.

మరి దేన్ని చూడాలి? అతను లేనప్పటి బాధను కాక, ఉన్నప్పటి జీవితాన్ని ఊహించండి. పరీక్షలు, నోట్స్, ఫలితాలు ఏవీ లేని ఒక మామూలు మంగళవారం, ఆదిలాబాద్‌లోనో మరో ఊళ్లోనో, అతను ఆఫీసు నుంచి అలసి చిరాకుగా వచ్చాడు, మాట్లాడుకోవడానికి సిలబస్ లేదు. ఆ సాయంత్రంలో మీరు ఉండాలనుకుంటున్నారా? అతని జీతం, వాళ్లమ్మగారి మందుల ఖర్చు, అతని మొండితనం, ఇవన్నీ మీ విషయాలు కావాలని ఉందా? ఇంకొకటి, మన ఆడపిల్లలను ఎవరూ అడగనిది, వాళ్లూ తమను తాము అడుగుకోవడానికి సిగ్గుపడేది: అతను దగ్గరగా కూర్చోవాలని, చేయి పట్టుకోవాలని, భార్యాభర్తల మధ్య ఉండే చనువు అతనితో ఉండాలని మీకు అనిపిస్తున్నదా, లేక ఆ ఊహ రాగానే మనసు ముడుచుకుపోతున్నదా? అనిపిస్తే తప్పు లేదు. ఎన్నిసార్లు ఆలోచించినా అనిపించకపోతే, అది గొప్ప స్నేహమే కావచ్చు, దానికి బలవంతంగా పెళ్లి రూపం ఇవ్వనక్కరలేదు.

ఇవన్నీ ఆలోచించాక కూడా సగమే తేలవచ్చు. మిగతా సగం అతన్ని కలిస్తేనే తెలుస్తుంది. అర్ధరాత్రి మెసేజ్‌లో కాక, అతను హైదరాబాద్ వచ్చినప్పుడు పగటిపూట, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడండి. "ఇంట్లో సంబంధం చూస్తున్నారు, ఏదో ఒకటి చెప్పు" అని మాత్రం అడగవద్దు. ఆ మాటకు అతను ఇచ్చే జవాబులో జాలి ఎంతో, ఇష్టం ఎంతో మీకు ఎప్పటికీ తేలదు. "నువ్వు వెళ్లాక నాకు ఇలా ఉంది, ఇది స్నేహం కన్నా ఎక్కువేమో అనిపిస్తోంది, నీకెలా ఉంది?" అంటే చాలు. అతను కాదంటే బాధ కలుగుతుంది, కొన్నాళ్లు ఫోన్లు తగ్గించుకోవలసి వస్తుంది. అయినా ఇప్పటి ఊగిసలాట కన్నా అది త్వరగా తగ్గే బాధ.

పెళ్లిచూపుల విషయంలో మాత్రం అతని జవాబు కోసం ఆగకండి. అతను అవునన్నా కాదన్నా, ఇంత కలతలో ఉన్న మీరు మరో అబ్బాయి ముందు కూర్చోవడం ఆ కుటుంబానికీ న్యాయం కాదు; తాంబూలాలు మార్చుకున్నాక వద్దనడం కన్నా, చూపులకు ముందే గడువు అడగడం అందరికీ మర్యాద. పరీక్షను సాకుగా చెప్పకండి, పరీక్ష అయిన మర్నాడే అదే సంబంధమో మరొకటో మళ్లీ వస్తుంది. "పెళ్లికి నా మనసు ఇంకా సిద్ధంగా లేదు, ఆరు నెలలు సమయం కావాలి" అని చెప్పండి. అతని పేరు ఇప్పుడే ఎత్తనక్కరలేదు, ఎందుకంటే చెప్పడానికి మీకే ఇంకా ఏమీ తేలలేదు. మీ నాన్నగారు పెద్దక్క మాట వింటారని రాశారు కాబట్టి, ఆ ఆరు నెలల మాట ముందు అక్కకు చెప్పి, ఆవిడ పక్కన ఉండగా నాన్నగారితో మాట్లాడండి.