క్లాసుకు పాతిక యూరోలు... చేతికి మిగిలేదెంత?

ప్రశ్న: మాది గుంటూరు. ఎం.ఏ. ఇంగ్లీష్ చేసి ఆరేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిన్నర కిందట మ్యూనిక్ వచ్చాం. ఆయనది బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్). జీతం చేతికి 3,700 యూరోలు వస్తే అద్దెకే 1,650 పోతోంది. బాబుకి నాలుగేళ్లు. ఇక్కడ ఒక లాంగ్వేజ్ స్కూల్ వాళ్లు ఫ్రీలాన్సర్‌గా చేరితే 45 నిమిషాల క్లాసుకు 25 యూరోలు ఇస్తామన్నారు. వారానికి 20 క్లాసులు తీసుకుంటే నెలకు 2,000 యూరోలు, అంటే దాదాపు రెండు లక్షల రూపాయలు. ఆ ధైర్యంతో గుంటూరులో ఫ్లాట్ చూశాం. ఈఎంఐ రూ.90,000 అవుతుంది. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా? 1,800 యూరోలు కట్టి సెల్టా (ఇంగ్లీష్ టీచర్లకు ఇచ్చే సర్టిఫికెట్) కోర్సు కూడా చేయాలా?
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఆ 2,000 మీ చేతికి రాదు. ఎందుకు రాదో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఇందులో మీకు పనికొచ్చే మెలిక ఒకటి ఉంది.

మొదట వారాల లెక్క. మీరు ప్రతి నెలకూ నాలుగు నిండు వారాలు వేసుకున్నారు. కానీ బవేరియాలో స్కూల్ సెలవులే ఏడాదికి దాదాపు 14 వారాలు. కంపెనీల్లో చెప్పే క్లాసులు అన్ని సెలవులకూ ఆగవు గానీ ఆగస్టులో, క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా సగం మంది ఊళ్లోనే ఉండరు. ఫ్రీలాన్సర్‌కి క్లాసు లేకపోతే డబ్బు లేదు. జ్వరమొచ్చినా అంతే. అందుకని 39 వారాలు వేద్దాం. 20 క్లాసులు, 25 యూరోలు: ఏడాదికి 19,500, నెలకు 1,625. ట్రాన్స్‌పోర్ట్ టికెట్, పుస్తకాలు, ప్రింట్లకు 75 తీసేస్తే 1,550.

ఇప్పుడు అసలు కోత. (ఇవన్నీ 2025 నాటి రేట్లు. ప్రతి జనవరిలో కొంచెం మారుతుంటాయి.) ఇప్పటిదాకా మీ హెల్త్ ఇన్సూరెన్స్ మీవారి పాలసీలో ఉచితంగా నడుస్తోందనుకుంటాను. ఆయనది ప్రభుత్వ వ్యవస్థలోని బీమా అయితేనే అలా నడుస్తుంది. మీ ఆదాయం నెలకు 535 యూరోలు దాటిందంటే ఆ ఉచితం పోతుంది. ప్రీమియం మీరే కట్టుకోవాలి. నర్సింగ్ కేర్ బీమాతో కలిపి ఆదాయంలో 20 శాతం దాకా, అంటే 310 యూరోలు. పైగా తక్కువ సంపాదించినా ఒక కనీస మొత్తం మీద లెక్క కడతారు కాబట్టి 250కి తగ్గదు.

తర్వాత పెన్షన్. చాలామంది ఫ్రీలాన్సర్లకు జర్మనీలో పెన్షన్ కట్టడం వాళ్ల ఇష్టం. టీచర్లకు మాత్రం తప్పనిసరి. ఇది తెలియక నాలుగైదేళ్ల బకాయి ఒక్కసారి మీద పడ్డవాళ్లు ఉన్నారు. లాభం నెలకు 556 దాటితే 18.6 శాతం, మీ విషయంలో 288 యూరోలు. ఉద్యోగి అయితే ఇందులో సగం యజమాని కడతాడు. మీకు రెండు సగాలూ మీవే. ఈ డబ్బు గాల్లో కలిసిపోదు లెండి, ఐదేళ్లు కడితే పెన్షన్ హక్కు వస్తుంది. కానీ ఈఎంఐకి పనికిరాదు.

మిగిలింది 950. భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్న్ వేస్తే పన్ను లేని పరిమితి మీవారి జీతంతోనే అయిపోతుంది కాబట్టి, మీ సంపాదన మీద మొదటి యూరో నుంచే పన్ను పడుతుంది. మీరు చెప్పిన జీతానికి 28 శాతం వేశాను. చివరికి మీ చేతికి నెలకు 680 యూరోలు. ప్రిపరేషనూ, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మెట్రోలో తిరిగే టైమూ కలిపితే వారానికి 30 గంటల పని అది.

ఇక మెలిక. జర్మనీలో మున్సిపాలిటీలు నడిపే వయోజన విద్యా కేంద్రాలు ఉంటాయి, ఫోక్స్‌హోఖ్‌షూలే అంటారు. మ్యూనిక్‌లోనూ పెద్దది ఉంది. ఇలాంటి ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల్లో పార్ట్‌టైమ్‌గా పాఠం చెబితే, 2025 లెక్కన ఏడాదికి 3,000 యూరోల వరకు పన్ను లేదు, బీమా కోతా లేదు. ఆ 535 పరిమితిలోకి కూడా ఇది రాదు. అంటే ఇక్కడి నుంచి నెలకు 250, లాంగ్వేజ్ స్కూల్ నుంచి ఖర్చులు పోను 535 దాటకుండా. మొత్తం 785, పన్ను పోగా 635. దీనికి వారానికి పదకొండు క్లాసులు చాలు.

ఇరవై క్లాసులకు 680, పదకొండు క్లాసులకు 635. నేను కూడా రెండోసారి లెక్క వేసి చూసుకున్నాను. పెన్షన్ జమను కాసేపు పక్కన పెడితే, ఆ పైన చేసే తొమ్మిది క్లాసులూ 45 యూరోల కోసం!

కాబట్టి చిన్నగా చేస్తే చిన్నగానే ఉండండి, లేదంటే మధ్యలో ఆగకుండా ఉద్యోగంలోకే వెళ్లండి. రెండో దారికి ఇప్పుడు కాస్త అనుకూలంగా ఉంది. 2022 జూన్‌లో జర్మనీ అత్యున్నత సామాజిక న్యాయస్థానం, హెరెన్‌బెర్గ్ అనే ఊళ్లోని ఒక మ్యూజిక్ టీచర్ కేసులో, ఆమె ఫ్రీలాన్సర్ కాదు, ఉద్యోగే అని తేల్చింది. అప్పటి నుంచి స్కూళ్లకు టెన్షన్ పట్టుకుంది. కొన్ని ఉద్యోగ ఒప్పందాలు ఇస్తున్నాయి. మీకు ఆఫర్ ఇచ్చినవాళ్లను నేరుగా అడగండి. రేటు పాతిక కంటే తక్కువ చెప్పినా తొందరపడి కాదనకండి. సగం బీమా, సగం పెన్షన్, జీతంతో సెలవులు, జ్వరమొస్తే జీతం, ఇవన్నీ కలిపి చూడండి. ఇంగ్లీష్, జర్మన్ రెండూ నడిపే కిండర్‌గార్టెన్లలోనూ వెతకండి. దానికి మీ జర్మన్ కాస్త నిలబడాలి. బాబు కిండర్‌గార్టెన్‌లో ఉన్న టైమ్‌లో జర్మన్ కోర్సు పూర్తి చేస్తే దాని ఫలితం ఈ పాతిక యూరోల కంటే ఎక్కువ.

చేరే ముందు రెండు పనులు. మీ రెసిడెన్స్ కార్డుతో వచ్చిన కాగితంలో ‘ఎర్వెర్బ్స్‌టేటిగ్‌కైట్ ఎర్లౌబ్ట్’ అని ఉందా చూసుకోండి. అలా ఉంటే ఉద్యోగమైనా ఫ్రీలాన్స్ అయినా చేయొచ్చు. మీవారి ఇన్సూరెన్స్ సంస్థకు రాసి, వారానికి ఎన్ని గంటల వరకు కుటుంబ బీమాలో ఉంచుతారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ప్రిపరేషన్ గంటలు కూడా వాళ్లు లెక్కేస్తారు.

ఫ్లాట్ విషయానికొస్తే, 635 యూరోలంటే సుమారు 63 వేల రూపాయలు, అదీ అన్ని నెలలూ సమానంగా రావు. మీవారి జీతంలో అద్దె, ఖర్చులు పోను మిగిలేదాన్ని బట్టే ఈఎంఐ పెట్టుకోండి. మొదటి ఏడాది మీ సంపాదన మొత్తం పక్కన పెట్టండి. ఆరు నెలల అద్దె అంటేనే ఇక్కడ దాదాపు పది వేల యూరోలు.

సెల్టా కోసం తొందరొద్దు. ఆరేళ్ల అనుభవం ఉన్న మిమ్మల్ని సర్టిఫికెట్ లేకుండానే వాళ్లు పిలిచారు. ఒక టర్మ్ చెప్పి చూడండి. సెల్టా ఉంటే రేటు ఎంత పెంచుతారో అప్పుడు అడగండి. క్లాసుకు మూడు యూరోలు పెంచినా, పదకొండు క్లాసుల లెక్కన 1,800 తిరిగి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అదీ 535 గీత దాటకుండా ఉంటేనే. చేస్తే మాత్రం రసీదు దాచుకోండి, పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవచ్చు.