గోదావరి డెల్టాలో పెద్దవారికి అనువైన ఇల్లు ఎలా ఉండాలి?

అమలాపురం దగ్గరి పల్లెలో వృద్ధులైన తల్లిదండ్రుల కోసం కట్టే ఇంట్లో గదులను, వాకిలిని ఎలా అమర్చుకోవాలన్నది ప్రశ్న.

ముందుగా తేల్చుకోవలసినది పునాది ఎత్తు. 1986 ఆగస్టు వరద నీరు ఆ వీధిలోకి వచ్చిందా, వస్తే ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, ఇంటి నేలను అంతకు పైన నిలపడం మంచిది. అయితే ఎత్తుతోపాటు మెట్లూ పెరిగి, మోకాళ్ల నొప్పులున్నవారు గడప దాటడమే మానేస్తారు. అందువల్ల వాలుదారి కూడా ఉండాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున మూడడుగుల పునాదికి 36 అడుగులు పడుతుంది కనుక, దానిని వాకిట్లోకి తిన్నగా దించక, పక్కగోడ వెంబడి తిప్పి, మలుపు దగ్గర చదునైన చోటు వదిలి, చేతికి అందేలా కమ్మీ బిగించాలి. స్థలం చాలదని నిటారుగా కట్టే వాలు మోటారు సైకిలు ఎక్కించడానికే పనికొస్తుంది.

వీధి అరుగును మాత్రం వదులుకోకూడదు: చూరు కింద, సులువుగా కూర్చుని లేవగలిగేలా సుమారు 18 అంగుళాల ఎత్తున గట్టు ఉంటే, వచ్చేపోయేవారితో మాటలు అక్కడే సాగుతాయి. ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలే మండువా గాలికీ వెలుతురుకీ ఎంత మేలైనా వానకు తడిసి జారుతుంది కాబట్టి గరుకు పలకలు తప్పనిసరి. మరుగుదొడ్డి పడకగదికి ఆనుకునే ఉండాలి. దాని తలుపు మూడడుగుల వెడల్పుతో బయటికి తెరుచుకోవాలి.