అమ్మలూ, మూడు పనుల్లో రెండు వదిలెయ్

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఒడిశాలో గుణుపూర్ బ్యాంకు బ్రాంచికి వేసిన ఏడాదే క్రిస్మస్‌కి లీవు దొరకలేదని, విజయవాడ వెళ్లడం కుదరదని, అమ్మ లేకుండా పండగేంటని ఒక ఏడుపు. అక్కడి చర్చి సంఘంలో సండే స్కూల్ డ్రామా, గుడి అలంకరణ, క్వయర్ పాటల జట్టు మూడూ నీ నెత్తినే పెట్టేశారని ఇంకో ఏడుపు. మొదటిదానికి నేనున్నాను. రెండోదానికి మందు ఒకటే, మూడింట్లో ఒక్కటి పట్టుకుని మిగతా రెండూ వదిలెయ్.

కొత్తగా వచ్చిన పిల్ల, చదువుకుంది, గొంతుంది, పెళ్లి కాలేదు, ఇంకేం, సంఘం కళ్లకి నువ్వు ఖాళీగా ఉన్నట్టే. వాళ్లది చెడ్డబుద్ధి కాదు, ప్రేమతోనే అప్పజెప్తారు, కానీ ఆ ప్రేమ తట్టుకోవాలంటే డిసెంబరంతా నీకు నిద్ర ఉండదు, తీరా ఇరవై ఐదో తారీఖు ఉదయం ఆరాధనలో కునికిపాట్లు పడతావు. అసలు పని పట్టుకోకుండా వెనక బెంచీలో కూర్చుని వచ్చేసినా బావుండదు, ఎవరితోనూ కలవలేవు. ఒక్క పని ఉంటే నీకంటూ ఒక జట్టు ఉంటుంది, మిగతా రోజులు నీవి. వద్దని చెప్పేటప్పుడు పాస్టర్ గారికి కాదు, పాస్టరమ్మ గారికి చెప్పు. ఆయన అలాగేనమ్మా అని మర్నాటికి మర్చిపోతారు, ఆవిడ గుర్తుపెట్టుకుని ఇంకొకర్ని చూస్తారు.

నేనైతే క్వయరే పట్టుకోమంటాను. డ్రామా అంటే గొల్లల తలపాగాల కోసం తువ్వాళ్లు వెతకడం, హేరోదు రాజు వేషం నాకంటే నాకని కొట్టుకునే పిల్లల్ని విడదీయడం, ఇవన్నీ ఇద్దరు పిల్లల తల్లులకే సాధ్యం.

పాట సంగతి కాస్త వివరంగా చెప్తాను. మీ విజయవాడలో కీబోర్డు, ప్యాడ్లు, ఫోన్లో ట్రాకు పెట్టుకుని మైకు పట్టుకోవడం అలవాటు. ఈ వైపు సంఘాల్లో కీబోర్డు వచ్చింది గానీ, ముసలివాళ్లు ఉన్నంత కాలం హార్మోనియం, డోలక్, తాళాలు పోవు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కొనుక్కో, ఫోన్లో పీడీఎఫ్ వద్దు. కీర్తన పైన రాగం, తాళం రాసి ఉంటాయి చూడు, వాటిని ఊరికే వెయ్యలేదు. ఆ కీర్తనలు రాసినవాళ్లలో పెద్దాయన పురుషోత్తమ చౌదరి గారు మన పర్లాకిమిడి వైపు పుట్టినవారే, 1803లో. బాప్తిస్మం తీసుకున్నది 1833లో, కటక్‌లో. అందుకే ఈ పాటలు మనకి పైనుంచి వచ్చినవి కావు, ఈ నేలవే అని నాకు కొంచెం గర్వం, ఉండనీ.

రిహార్సల్‌కి వెళ్లినప్పుడు ముందు వరసలోకి పోకు. అక్కడ స్త్రీల సమాజం నుంచి ఒక మామ్మగారు తప్పకుండా ఉంటారు, పుస్తకం మూసే ఉంటుంది, పాటంతా నోటికి వస్తుంది, ఆవిడ పక్కన చేరు. పల్లవి చివర సాగదీస్తారు, నీకు నిదానంగా ఉన్నట్టు అనిపిస్తుంది, త్వరపెట్టకు, ఆ సాగదీతలోనే తోడు గొంతులన్నీ వచ్చి కలుస్తాయి. శ్రుతి మాత్రం మొదటి రోజే అడిగేసెయ్. హార్మోనియం ఆయన తన గొంతుకి పెట్టుకుంటాడు, ఆడవాళ్లకి చరణంలో పైస్థాయి అందక అరవాల్సి వస్తుంది. "తాతగారూ, ఒక్క మెట్టు దించండి" అంటే ఎవరూ తప్పుపట్టరు. రాత్రుళ్లు చలికి గొంతు పట్టేస్తుంది, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లు.

అన్నట్టు, మనం బాప్టిస్టులం కదా, అక్కడ లూథరన్ గుడేంటి అన్నావు. 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు కొరాపుట్ వైపు వచ్చారు, పర్లాకిమిడి వైపుకి కెనడా బాప్టిస్టులు వచ్చారు, ఎవరు వచ్చిన చోట వాళ్ల పద్ధతి నిలిచింది, అంతే. వాళ్లకి అచ్చేసిన ఆరాధన క్రమం ఉంటుంది, అందరూ లేచినప్పుడు లే, కూర్చున్నప్పుడు కూర్చో. రెండు వారాల్లో అదే వస్తుంది.

ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్ రౌండ్స్‌కి అన్ని రాత్రులూ వెళ్లకు. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకి సెలవే కదా, వాటికి ముందు రాత్రి వెళ్లు, మిగతా రోజులు నిద్రపో. స్పీకరు పెట్టిన ఆటో ఎక్కకు, డోలక్ వాయించే కుర్రాడి వెనకే నడువు, చలి తెలియదు, పాట తప్పదు. అర్ధరాత్రి తలుపు కొడితే జుట్టు ముడేసుకుంటూ ఒకావిడ వస్తుంది, సగం నిద్ర, అయినా స్టీలు గ్లాసుల్లో టీ రెడీ, ఎందుకంటే పాట రెండు వీధుల అవతల ఉన్నప్పుడే లేచి పొయ్యి వెలిగించింది. ప్రతి ఇంటి టీ తాగితే తెల్లారేదాకా కళ్లు మూతపడవు, కాబట్టి అడుగున ఒక గుక్క పోయించుకో, వద్దు అనే మాట మాత్రం అనకు.

మా వైపు సవర ఊళ్లలోకి సంఘం వాళ్లు వ్యానులో వెళ్తున్నామంటే నీకు చెప్తాను, అదొక్కటీ మానొద్దు. 2011 జనాభా లెక్కల్లో మా పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో నూటికి ముప్పై ఎనిమిది మంది క్రైస్తవులే, ఒడిశా మొత్తానికి మూడు శాతం కూడా లేరు, అంటే ఈ కొండల మీద డిసెంబరు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. వాళ్లు సవరలో, ఒడియాలో పాడతారు, మనం తెలుగులో. బాణీ తెలిసినదైతే అందరం ఒకేసారి ఎత్తుకుంటాం, ఎవరి మాటలు వాళ్లవి. వెళ్లేముందు తిరుగు ప్రయాణం వ్యాను ఎన్నింటికో అడుగు, స్వెట్టరు, మంకీ క్యాప్ వేసుకో, ఫొటోలో బావుండదని తీసెయ్యకు.

ఇక ఇల్లు. అద్దె గదే అయినా నక్షత్రం కట్టు. వెదురు కర్రకి కట్టి డాబా మీద నిలబెట్టు, లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టు, పాత బల్బు వేడికి కాగితం మాడుతుంది. దుప్పట్లు ఉతుక్కో, మంచి కాఫీపొడి కొనుక్కో, కొరాపుట్ కొండల్లో పండేదే దొరుకుతుంది, బ్రాండు డబ్బా అక్కర్లేదు. ఆఫీసునుంచి వచ్చి ఏమీ చెయ్యకుండా ఆ నక్షత్రం కింద కాఫీ తాగే సాయంత్రాలు కొన్ని ఉండాలి. ఎవరైనా కమిటీ మీటింగుకి పిలిస్తే పనుంది అను, అబద్ధం కాదు.

పిండివంటలు ఒక్కదానివే చెయ్యకు. అరిసెలకి బియ్యం ఒక రోజంతా నానాలి, నీళ్లు మార్చాలి, వడకట్టి తడి ఆరకముందే పిండి ఆడించాలి, ఆరితే అరిసె రాయి అవుతుంది. పాకం పళ్లెంలో నీళ్లలో వేస్తే వేళ్లకి మెత్తటి ఉండగా రావాలి, అంతకి మించి ముదరనివ్వకూడదు. ఇదంతా రెండు చేతుల పని కాదు, ఒకరు కలపాలి, ఒకరు తట్టాలి, ఒకరు నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కాలి, ఒకరు ఊళ్లో కబుర్లు చెప్పాలి. అసలు ఆ నాలుగోవాళ్ల కోసమే అందరూ చేరతారని నా అనుమానం.

పక్కింటి ఒడియా వాళ్లకి పళ్లెం పంపేముందు వారం చూసుకో. మార్గశిర గురువారాల్లో వాళ్లు లక్ష్మీపూజ చేస్తారు, మన తెలుగువాళ్లూ లక్ష్మివారం అని చేస్తారు, ఆ రోజు గుడ్డు వేసిన కేకు తీసుకెళ్లకు. ఇంకో రోజు తీసుకెళ్లి బడదినం శుభాకాంక్షలు చెప్పు, క్రిస్మస్‌ని ఒడియాలో అలాగే అంటారు. నీ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు, సంక్రాంతి దాకా ఆగైనా ఏదో ఒకటి పెట్టి పంపుతారు.

ఇరవై ఐదున తెల్లవారి ఆరాధన, తర్వాత ప్రేమవిందు. విందుకి ఉండిపో, గదికొచ్చి ఒంటరిగా మ్యాగీ తినకు. అమ్మకి వీడియో కాల్ మధ్యాహ్నం చెయ్యి, పొద్దున వాళ్లూ గుడిలోనే ఉంటారు. తర్వాత దుప్పటి ముసుగు తన్ని పడుకో. ముప్పై ఒకటి రాత్రి కూడిక మానొద్దు, బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డు అప్పుడే ఇస్తారు, నీకు ఏ వాక్యం వచ్చిందో ఫొటో తీసి పంపు.

అరిసెలు మా ఇంట్లోనే. రెండో శనివారం పొద్దున్నే రైలెక్కి పర్లాకిమిడి వచ్చెయ్, రైలు తప్పితే బస్సుంది. గుణుపూర్‌లో నువ్వుల ధర తక్కువైతే ఒక కిలో పట్టుకురా. నీతో ఇంకెవరైనా స్నేహితురాలు వస్తుంటే గురువారానికే చెప్పు, బియ్యం ఆ లెక్కన నానబెడతాను.

మీ పెద్దమ్మ