తిరుపతిలో ఆరింటి పిట్ట కోసం ఒక సాయంత్రం

ఏప్రిల్‌లో తిరుపతి చుట్టుపక్కల వలస పక్షులు కనిపిస్తాయా, సాయంత్రం గంటన్నర తీరిక దొరికితే ఎక్కడికి పోవాలి అని అడిగారు. పులికాట్ దాకా పోనక్కర్లేదండీ. శేషాచలం కొండ కింద చెట్లు, ఎండుటాకులు ఉన్న చోటు చాలు.

చలికాలానికి దిగిన పక్షుల్లో చాలా ఈ రోజుల్లో తిరుగు ప్రయాణంలో ఉంటాయి. చెరువుల్లో సూదితోక బాతులు చాలావరకు ముందే వెళ్లిపోయి ఉంటాయి. నేనైతే పొన్నంగి పిట్ట కోసం కాచుకుంటాను. అది చలికాలమంతా దక్షిణాదిలో గడిపి, వానల ముందు గుడ్లు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల కింది అడవుల వైపు పోతుంది. పొద్దునా సాయంత్రం ఆరు ప్రాంతంలో కూస్తుందని తమిళులు ఆరుమణి కురువి, అంటే ఆరింటి పిట్ట అంటారు. చిత్తూరులో మా అమ్మమ్మా అలాగే పిలిచేది.

పోయినేడు ఏప్రిల్ చివర్లో నాయనా నేనూ మా ఊరి చింతతోపు గట్టు మీద కూర్చున్నాం. ఆరుకు పది నిమిషాలుండగా రెండు ముక్కల ఈల వినిపించింది. కాసేపటికి ఆకుల్లో గలగల. గుప్పెడంత పిట్ట, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. వీపు ఆకుపచ్చ, కంటి మీదుగా నల్లపట్టీ, తోక కింద కుంకుమ ఎరుపు. ముక్కుతో ఒక్కో ఆకునే తిరగేసి పురుగును లాగుతోంది.

ఇంకా దగ్గరికి వస్తుందని ఫోన్‌లో దాని కూత పెట్టాను. అంతే, తిండి మానేసి నిటారుగా నిలబడి ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. "దాన్ని తిననీరా" అన్నాడు నాయన. వెంటనే ఆపేశాను. రాత్రంతా ఎగరాల్సిన పిట్టకు చీకటి పడేలోపు దొరికే నాలుగు పురుగులే బలం. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మీరు మాత్రం కూత పెట్టొద్దు, ఫ్లాష్ వాడొద్దు.

అయిదున్నరకే చేరుకుని ఒక్కచోటే కూర్చోండి. అడవిలోకి అడుగు పెట్టొద్దు, చిరుతలు తిరుగుతాయి. వెలుగుండగానే వచ్చేయండి.

ఈ నెలల్లో అలసిపోయిన పొన్నంగి పిట్ట ఒక్కోసారి ఇళ్ల వరండాల్లోనూ పడుతుంది. కాకులకూ పిల్లులకూ దొరక్కుండా, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు. తేరుకున్నాక చెట్ల దగ్గర పెట్టె మూత తీసి పక్కకు జరగండి, అదే పోతుంది. దెబ్బ తగిలి ఉంటే మాత్రం అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.